క్లిప్పుల తాడు

జూన్ 16, సోమవారం

ఫోన్ రాలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికే డైరీ కొన్నట్టుంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండు బ్రాంచీలు కలిపేశారు. లెక్కలకి ఇద్దరు లెక్చరర్లు ఎందుకని నన్ను ఇంటికి పంపారు. ఇంకోచోట ఇంటర్వ్యూ అయింది, డెమో క్లాస్ అయింది, కబురు చేస్తామన్నారు. కబురు లేదు. అందాకా అక్క వాళ్లింట్లో, మేడ మీద గదిలో మకాం. కింద అక్క ప్లేస్కూల్. అక్కడ పని చేసే టీచరమ్మ మానేసిందట. ఊరికే గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే బదులు కిందికొచ్చి సాయం చెయ్యమంది అక్క. నేను డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చెప్పేవాణ్ని. ఇప్పుడు మంచాల కింద దూరి సీసా మూతలు ఏరుతున్నాను.

కాలుగాలిన పిల్లిలా తిరగొద్దు, కాస్త కుదురుగా కూర్చోమంటాడు బావ. కూర్చోవడానికి కింద ఉన్న కుర్చీలు నా మోకాలి ఎత్తు కూడా లేవు.

జూన్ 17, మంగళవారం

పిల్లలు పద్నాలుగు మంది. పేర్లు ఇంకా నోటికి రావడం లేదు. ఫర్వాలేదు, ఇక్కడ వాళ్లకి వేరే పేర్లున్నాయి. తలుపు పక్కన, పిల్లలకి అందే ఎత్తులో ఒక తాడు కట్టి ఉంది. ఒక్కొక్కరికీ బట్టలారేసుకునే క్లిప్పు ఒకటి, దాని మీద అక్క గీసి అంటించిన బొమ్మ. చేప, పీత, గొడుగు, బకెట్, నిచ్చెన, ఇలా. పొద్దున రాగానే బుట్టలోంచి తన క్లిప్పు వెతుక్కుని తాడుకి పెట్టాలి. పెరట్లోకి వెళ్లినా పార్కుకి వెళ్లినా దాన్ని తీసి కాలర్‌కి తగిలించుకోవాలి. తిరిగొచ్చాక మళ్లీ తాడుకే. ఎవరి క్లిప్పు వాళ్లే తీసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. తాడు ఖాళీగా ఉంటే లోపల ఎవరూ లేరని లెక్క.

ఈ తతంగానికి ప్రతిసారీ పది నిమిషాలు. ఒకడు కింద పడేస్తాడు. ఒకతి ముక్కుకి పెట్టుకుని ఏడుస్తుంది. తలలు లెక్కపెడితే చిటికెలో తేలిపోయే పని కదా అన్నాను. ఇదే వాళ్ల మొదటి లెక్కల పాఠమంది అక్క. అంకెలు నోటికి రాకముందే ఒకదానికి ఒకటి జత పెట్టడం చేతికి రావాలట. నేను నవ్వాను. అక్కకి కోపం వచ్చింది. కోపం వస్తే అక్క మాట్లాడదు, వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి.

జూన్ 19, గురువారం

చేప గురించి రాయాలి. నాలుగేళ్ల బుడుంకాయ. వంద దాకా ఏకబిగిన అప్పజెప్తాడు. మధ్యలో అరవైలన్నీ ఎగిరిపోతాయి, అది వేరే సంగతి. వాళ్ల నాన్నకి టైర్ల షాపుంది. పొద్దున కొడుకుని నా ముందు నిలబెట్టి మొత్తం చెప్పించాడు. వచ్చే నెలకి రెండు వందల దాకా రావాలని, ఈ మూతలాటలు తగ్గించి వర్క్‌షీట్లు ఇవ్వమని అక్క వినేలా నాకు చెప్పాడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ నా జాతివాళ్లు ఇద్దరు దొరికారనుకున్నాను.

తర్వాత వాణ్ని పిలిచి మూడు మూతలు తెమ్మన్నాను. బుట్టెడు మూతలూ తెచ్చి నా ఒళ్లో పోశాడు. మూడే అన్నాను. ఇందులో ఉన్నాయిగా అన్నాడు.

జూన్ 24, మంగళవారం

ఫోన్ రాలేదు. నా ఫోన్ పని చేస్తోందో లేదోనని అక్క ఫోన్ తీసుకుని నాకు నేనే చేసుకున్నాను. మోగింది.

జూన్ 27, శుక్రవారం

ఈరోజు నాలుగేళ్ల పిల్ల చేతిలో ఓడిపోయాను.

క్లాసులో అందరికంటే పొట్టి పిల్ల. క్లిప్పు మీద బొమ్మేమో నిచ్చెన. మెట్ల కింద మూల ఆ పిల్ల సొంతం. అక్కడ మూతలు, గుండీలు, పాత తాళంచెవులు డబ్బాల్లో ఉంటాయి. వాటిని రంగుల వారీగా, సైజుల వారీగా వేరు చేస్తూ కూర్చుంటే పిలిచినా వినపడదు. వాళ్లమ్మ నర్సు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి తీసుకెళ్తుంది.

ఐదు మూతలు నా వైపు, ఐదు తన వైపు ఎదురెదురుగా పేర్చాను. ఎవరికి ఎక్కువున్నాయంటే ఇద్దరికీ ఒకటే అంది. తనవి కొంచెం ఎడం ఎడంగా జరిపాను. ఇప్పుడో అంటే తనకే ఎక్కువంది. కొత్తవి వేశానా? లేదంది. నావి తీశానా? లేదంది. మరి ఎలా ఎక్కువయ్యాయి? ఇదిగో ఇక్కడి దాకా వచ్చాయి కదా అని నేల మీద చెయ్యి ఆనించి చూపించింది. ఇద్దరివీ లెక్కపెట్టించాను. ఐదూ ఐదూ అని ఒప్పుకుంది. అయినా తనకే ఎక్కువట. బతిమాలాను, గొంతు పెంచాను, మళ్లీ పేర్చాను. నాకు చెమటలు పట్టాయి గానీ ఆ పిల్ల తొణకలేదు. లంచ్ బెల్ కొట్టబట్టి బయటపడ్డాను.

సాయంత్రం చెబితే అక్క పడీ పడీ నవ్వింది. ఆ వయసుకి కళ్లు చెప్పిందే లెక్క, నువ్వు తోస్తే రాదు, మూతలు చేతికిచ్చి ఊరుకో అంది. ఊరుకోవడం నాకు వచ్చిన పనేనా?

జులై 2, బుధవారం

భోజనాలప్పుడు ప్లేట్లు పెట్టే వంతు చేపది. ఒక్కొక్కరి ముందు ఒక్కో ప్లేటు పెట్టుకుంటూ వెళ్లాడు. బకెట్ క్లిప్పు వాడి దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. నోరు తెరుస్తాడు, ఒకటి రెండు మొదలుపెడతాడు అనుకున్నాను. పెట్టలేదు. బకెట్ ముందున్న ఖాళీ వైపు చూశాడు, అలమర దగ్గరికి వెళ్లాడు, ఒక ప్లేటు తెచ్చాడు. ఒక్కటే. బుట్టెడు కాదు.

అక్కని కేకేసి పిలిచాను, ఏదో కొంప మునిగినట్టు. పరుగెత్తుకొచ్చి విషయం విని, చేతిలో గరిటె ఉందని కూడా మర్చిపోయి నా నెత్తిన ఒకటేసింది. చాలా సంతోషంగా ఉంది. ఎందుకింత సంతోషమో తెలీక ఫోన్ తీసి చూసుకున్నాను. ఏమీ లేదు.

జులై 9, బుధవారం, పొద్దున

మెసేజ్ వచ్చింది. ఈరోజు పన్నెండు లోపు ఫోన్ చేస్తారట. అక్క పంటి డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. స్కూల్ నా చేతిలో పెట్టింది. ఆయా ఉంటుందిలే. మబ్బు పట్టింది. పదకొండుకి పిల్లల్ని పార్కులో తిప్పి, వాన మొదలయ్యేలోపు తిరిగొచ్చేస్తే ఫోన్ వచ్చేసరికి తీరిగ్గా మాట్లాడొచ్చు.

జులై 9, సాయంత్రం

ఇవాళ్టిది మొదటి నుంచీ వరసగా రాయాలి.

ఇంట్లో చూసుకునేవాళ్లు లేరని ఆయా ఈరోజు మనవరాల్ని వెంట తెచ్చుకుంది. ఆ పిల్లకీ నాలుగేళ్లే. బయటికి వెళ్లేటప్పుడు పిల్లలందరికీ పచ్చ ఏప్రన్లు వేస్తాం, ఆయా తన మనవరాలికి కూడా ఒకటి వేసింది. అది నేను చూశాను. చూశాను కానీ బుర్రకెక్కలేదు, నా బుర్రంతా ఫోన్‌లో ఉంది.

క్లిప్పుల తతంగం ఇవాళ వద్దు, టైం లేదన్నాను. వింటారా? అలవాటు కొద్దీ తాడు మీద పడి ఎవరిది వాళ్లు లాక్కుని తగిలించుకున్నారు. నేను వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్లీ పెట్టాను. పద్నాలుగు. తలుపు మూయబోతుంటే చేప నా చొక్కా పట్టుకు లాగాడు.

"సార్, ఒకటి ఉండిపోయింది."

తాడు మీద ఒక క్లిప్పు. ఎవరో తీసుకోవడం మర్చిపోయి ఉంటారు, వచ్చాక చూద్దాం పద అన్నాను. వాడు కదల్లేదు. రెక్క పట్టుకుని బయటికి లాగాను. తలుపుకి తాళం వేశాను.

పార్కులో ఆయా ఒక పిల్ల ముక్కు తుడుస్తోంది. ఆ పిల్ల కాలర్‌కి క్లిప్పు లేదు. మర్చిపోయింది నువ్వేనా అని కాస్త గట్టిగానే అడిగాను. దానికి క్లిప్పెక్కడిది సార్, అది మా మనవరాలు కదా అంది ఆయా.

మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగు. అందులోంచి ఒకటి తీసేశాను. క్లిప్పు మీద బొమ్మ ఏమిటో అప్పుడు గుర్తు చేసుకున్నాను. తాడు దగ్గర నిలబడి కళ్లారా చూశాను కదా. నిచ్చెన.

పిల్లల్ని ఆయాకి వదిలేసి పరుగెత్తాను. చెప్పు ఎక్కడ తెగిందో తెలీదు. తాళంచెవి తాళంలో దూరదు. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది, వెనకాల ఏదో అడ్డుంది. అడ్డుగా ఉన్నది ఆ పిల్లే. క్లిప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు.

"నాది తీసుకున్నా సార్. మీరు వెళ్లిపోయారు."

ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే నన్ను పట్టుకోలేదు, క్లిప్పునే పట్టుకుంది. జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

జులై 10, గురువారం

వాళ్లమ్మతో చెప్పాలా వద్దా అనే మాటే రానివ్వలేదు అక్క. జరిగింది జరిగినట్టు నువ్వే చెప్పాలి, నేను పక్కన నిలబడతానంది. నిన్న ఆవిడ నైట్ డ్యూటీ, పిల్లని పక్కింటావిడ తీసుకెళ్లింది. అందుకని ఈరోజు పొద్దున్నే గేటు దగ్గర చెప్పాను. మొదట తలలు లెక్కపెట్టిన సంగతి చెప్పాను, లెక్క ఎలా సరిపోయిందో చెప్పాను. నా గొంతు నాకే లాయర్ గొంతులా వినపడింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. తాడు మీద క్లిప్పు ఉందా అని అడిగింది. ఉందన్నాను. చూశారా అంది. చూశానన్నాను.

పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లిపోయింది.

ఇంటర్వ్యూ చేసిన ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి ఫోన్ చేశాను. మేనేజర్ బిజీ, తర్వాత చేస్తామన్నారు. ఇదివరకైతే ఆ మాటకి కుతకుతలాడేవాణ్ని.

జులై 14, సోమవారం

నిచ్చెన వచ్చింది. వేరే దారి లేక పంపుతున్నానని వాళ్లమ్మ మొహం మీదే చెప్పింది. అక్కకి కాదు, నాకు.

క్లిప్పు తాడుకి పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది. మెట్ల కింద మూలకి వెళ్లలేదు. గుండీల డబ్బా తెచ్చి తాడు కింద పెడితే మూత కూడా తీయలేదు. భోజనం ప్లేటు అక్కడికే తెచ్చిచ్చింది ఆయా. ఒక చేత్తో తింది. రెండో చెయ్యి క్లిప్పు మీదే ఉంది.

జులై 15, మంగళవారం

అలాగే నిలబడింది.

జులై 16, బుధవారం

అక్కని ఒక క్లిప్పు అడిగాను. ఎందుకని అడక్కుండా ఇచ్చింది. దాని మీద నా బొమ్మ ఏం గీయాలని పిల్లల్ని అడిగితే పెద్ద రభస. ఏనుగని ఒకడు, చీపురని ఒకతి. చివరికి చేప మాట నెగ్గింది. ఫోన్. సార్ ఎప్పుడూ దాన్నే చూస్తాడు కదా అన్నాడు. అక్క అటు తిరిగి నవ్వుకుంది. నల్లగా ఒక పలక లాంటిది గీసి అంటించారు.

నా క్లిప్పు తాడుకి చివర పెట్టాను. బయటికి వెళ్లేటప్పుడు నాది అందరికంటే ఆఖర్న తీస్తానని, తాడు మీద ఇంకొకటి ఏదున్నా నేను గడప దాటనని, ఎవర్నీ దాటనివ్వనని చెప్పాను. పిల్లలు సరే అని అరిచారు. నిచ్చెన మాత్రం మాటలు ఎవరైనా చెబుతారు అన్నట్టు చూసింది.

జులై 18, శుక్రవారం

కొత్త ఆట కనిపెట్టాను. అందరూ కళ్లు మూసుకుంటారు. నేను ఒకరి వీపు తడతాను. వాళ్లు వెళ్లి దాక్కుంటారు, క్లిప్పు తాడు మీదే ఉంటుంది. మిగతావాళ్లు కళ్లు తెరిచి ఎవరిది వాళ్లు తీసుకోవాలి. నా క్లిప్పు లెక్కలోకి రాదు. తాడు మీద మిగిలింది ఎవరిదో చెప్పి, వెతికి పట్టుకోవాలి. మొదటిసారి పీతని తట్టాను. చేప తాడు వైపు చూసి, ఒకటి, పీత అన్నాడు. వంద దాకా చెప్పే నోటితో ఇంకేమీ అనలేదు. రెండోసారి ఇద్దరిని దాచాను. రెండున్నాయి, గొడుగు, బకెట్ అన్నాడు. నాకు గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా.

సాయంత్రం టైర్ల షాపాయన వర్క్‌షీట్లేవని అడిగాడు. కొడుకుని పిలిచి నాన్నకి మూడు మూతలు తెచ్చివ్వమన్నాను. తెచ్చాడు. మూడే. అదేం గొప్పన్నాడు ఆయన. ఎంత గొప్పో చెప్పబోయాను. పొద్దుపోతోందని వెళ్లిపోయాడు.

నిచ్చెన ఆట చూసింది. ఆడలేదు.

జులై 22, మంగళవారం

పెరట్లోకి బయల్దేరుతున్నాం. అందరూ తీసుకున్నారు. తాడు మీద నా క్లిప్పు, ఇంకొకటి. ఈసారి ఆటేమీ కాదు, నేనెవర్నీ తట్టలేదు. ఒకటుంది, నిచ్చెన లోపలుంది, ఎవరూ కదలొద్దని గట్టిగా అన్నాను. వెళ్లి చూస్తే మెట్ల కింద కూర్చుని ఉంది. దాక్కోలేదు. నా కోసమే చూస్తూ కూర్చుంది.

తీసుకొచ్చాను. క్లిప్పు తీసుకుంది. తలుపు దాకా వచ్చి మళ్లీ తాడుకి పెట్టేసి లోపలికి పరుగెత్తింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ అదే పని. ఎన్నిసార్లు తిప్పిందో. పిల్లలు ఎండలోకి పోనిమ్మని గోల. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాకు ఓపిక అనేది పుట్టుకతోనే లేదని అమ్మ అంటూండేది. ఈరోజు ఎక్కణ్నుంచి వచ్చిందో వచ్చింది. సిగ్గుగా అనిపించింది, ఎందుకు పరీక్షిస్తోందో తెలుసు కాబట్టి. ఇంకా వందసార్లు తిప్పినా తిరిగేవాణ్ని.

చివరికి విసుగెత్తింది తనకే.

జులై 25, శుక్రవారం

నిచ్చెన క్లిప్పు పెట్టింది, తిన్నగా మెట్ల కిందికి వెళ్లింది, వీపు మా వైపు పెట్టుకుని గుండీల ముందు కూర్చుంది. లంచ్ బెల్ దాకా తలుపు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

నేను మేడ మీదికెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

జులై 29, మంగళవారం

ఫోన్ వచ్చింది. సోమవారం చేరమన్నారు. సీనియర్ బ్యాచ్, మంచి హోదా. అవతలాయన మాట పూర్తి చెయ్యకముందే సరే సార్ అనేశాను.

ఊరికి అటు చివర. రోజూ వచ్చి వెళ్లే దూరం కాదు, అక్కడే రూమ్ చూసుకోవాలి. అక్కకి చెప్పాను. నీకు కావాల్సింది అదేగా, వెళ్లమంది. తర్వాత వంటింట్లో గిన్నెలు చాలాసేపు మాట్లాడాయి.

నాకు కావాల్సింది అదే. అవును. మరి గదిలో ఇటు నుంచి అటు ఎందుకు తిరుగుతున్నానో.

ఆగస్టు 1, శుక్రవారం

ఆఖరి రోజు. వేరే స్కూల్‌కి వెళ్తున్నానని పిల్లలకి చెప్పాను. అన్నం టైంకి వచ్చేస్తావా అని అడిగాడు బకెట్. నిచ్చెన తల ఎత్తలేదు. ఐదు మూతలు, ఐదు మూతలు పేరుస్తోంది. పక్కన కూర్చున్నాను. నావి ఎడంగా జరిపి, ఇప్పుడు నీకు ఎక్కువ అని నాకు చెప్పింది. అవునన్నాను. వాదించలేదు.

పొద్దుటి నుంచి వాన. పెరట్లోకి వెళ్లలేదు. బయల్దేరేటప్పుడు పిల్లలు చూస్తే ఏడుస్తారని వెనక మెట్లు దిగి, వెనక గేటు లోంచి వెళ్లిపోయాను. తప్పు చేసినవాడిలా ఆటో ఎక్కాను.

ఆగస్టు 4, సోమవారం, 11 గంటలు

కొత్త స్టాఫ్‌రూమ్. ఏసీ. నా ఎత్తుకి సరిపోయే కుర్చీ. మొదటి క్లాస్ బాగా జరిగింది. ఇక్కడ అటెండెన్స్ మెషీన్ తీసుకుంటుంది. వేలు ఆనిస్తే స్క్రీన్ మీద అంకె పడుతుంది. ఈరోజు నూట పద్దెనిమిది. లెక్క సరిపోయిందా అని అడిగితే, మెషీన్ చెప్పాక సరిపోకేం అన్నాడు పక్క సీటాయన.

అక్క నుంచి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చేశాను.

పిల్లలు పెరట్లోకి రావడం లేదట. తాడు మీద నా క్లిప్పు ఉండిపోయింది. శుక్రవారం సాయంత్రం అందరివీ బుట్టలో వేశారు గానీ, నాది నేను వేసుకోలేదు. వెనక గేటు లోంచి దొంగలా పోతే ఎలా గుర్తుంటుంది? చేప తలుపుకి అడ్డంగా నిలబడి ఒకటుంది, ఒకటుంది అని ఎవర్నీ కదలనివ్వడం లేదట. అక్క దాన్ని తీసేయబోతే నిచ్చెన చెయ్యి పట్టుకుని ఆపిందట. ఎవరిది వాళ్లే తీసుకోవాలి కదా. ఇప్పుడు ఇల్లంతా వెతుకుతోందట. కర్టెన్ల వెనక, బాత్రూంలో, మంచాల కింద.

"ఎంత చెప్పినా వినడం లేదురా. సార్ లోపలే ఉన్నారంటోంది."

పదకొండున్నరకి రెండో క్లాసుంది.

ఆగస్టు 4, 11.40, అక్క వాళ్లింటికెళ్లే బస్సులో

రాత వంకరపోతోంది. సీటు దొరకలేదు.

వెతికి వెతికి నిచ్చెన మెట్ల కిందికెళ్లి కూర్చుందట. తన క్లిప్పు తాడు మీద, నా దాని పక్కనే పెట్టిందట.